ఒంటికన్ను దేవుడూ, మా మేనత్తా

మా మేనత్త పోయిందన్న కబురు నాకు జగిత్యాలలో, ఎనిమిదో తరగతి గదిలో పాఠం చెబుతుండగా తెలిసింది. క్లాసులో ఉన్నప్పుడు నేను ఫోన్ తీయనని నాన్నకు తెలుసు. అయినా ఆగకుండా మోగుతుంటే సంగతేమిటో అర్థమైపోయింది. వరండాలోకి వచ్చి తీశాను.

"అక్క పోయింది బిడ్డా," అన్నాడు. తర్వాత, "పొద్దుగాల సూది మందు ఇయ్యనీకి అచ్చిన నర్సుతోని కొట్లాడిందట. చాయ తాగొద్దన్నదని," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో దుఃఖం కంటే గర్వమే ఎక్కువ వినిపించింది. నేను వరండా స్తంభానికి ఆనుకుని ముందు నవ్వాను. ఏడుపు తర్వాత వచ్చింది.

ఆ రోజు నుంచి ఆమె గురించి చాలామంది చాలా మంచి మాటలు అన్నారు. ఓర్పు గల మనిషి అన్నారు. ఎంత కష్టమొచ్చినా నోరు మెదపలేదన్నారు. వాళ్లందరికీ కలిపి ఇక్కడ జవాబు చెబుతున్నాను. మా మేనత్తకు ఓర్పు లేదు. ఆమె నోరు మెదపని రోజంటూ ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. నాకు ఆమె అంటే ఇష్టం కలిగిందే అందుకు.

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య బతికిన ఆ మనిషి, ఎక్కడో ఉత్తర సముద్రాల మీద తిరిగిన వైకింగుల ఓడలూ, వాళ్లు కొలిచిన దేవుళ్లూ ఉన్న తపాలా బిళ్లలు పోగుచేసింది. నార్వే, డెన్మార్క్, స్వీడన్, ఐస్‌లాండ్, ఇంకా మ్యాపులో ఈగ వాలితే కనపడకుండా పోయేంత చిన్న దీవులు. మా చుట్టాల్లో చాలామందికి అదొక పిచ్చి. ఆ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలంటే ఆమె కన్ను పోయిన సంగతి చెప్పాలి.

అత్త పుట్టిల్లు కోరుట్ల. మా తాత చేతిమగ్గం మీద పంచెలు నేసేవాడు. ఆమెను సిరిసిల్లలో, కరెంటు మీద నడిచే మగ్గాలున్న ఇంటికి ఇచ్చారు. ఆ మగ్గాల్ని అక్కడ సాంచాలంటారు. కార్ఖానా ఆమె బావగారిది, అంటే మా మామయ్య అన్నగారిది. మామయ్య అందులో సాంచాలు నడిపేవాడు. అత్త అక్కడే గోడ వారగా కూర్చుని కండెలకు, అంటే చిన్న గొట్టాలకు, నూలు చుట్టేది. ఒక మధ్యాహ్నం, ఆమె కండె మార్చడానికి తల ఎత్తినప్పుడు, ఎదుటి సాంచా నుంచి నాడె ఎగిరివచ్చింది. నాడె అంటే పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే కర్రముక్క. రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. అది సాంచా దాటి బయటికి రాకుండా అడ్డంగా ఒక తీగ జాలీ ఉండాలి. ఆ కార్ఖానాలో ఒక్క సాంచాకూ జాలీ లేదు. నాడె ఆమె ఎడమ కంట్లో తగిలింది. డాక్టర్లు కన్ను నిలపలేకపోయారు.

చూడవచ్చిన వాళ్లంతా ఒకటే మాట అన్నారు, ఆమె రాత అలా ఉందని. బావగారు అన్నాడు, తోడికోడలు అంది, ఆఖరికి కన్నతల్లి, మా నానమ్మ కూడా మంచం పక్కన కూర్చుని "నీ రాతల గట్లున్నది బిడ్డా" అని ఏడ్చింది. కట్టు విప్పాక కొన్నాళ్లు ఉంచుకుందామని ఆమెను కోరుట్లకు తీసుకొచ్చారు. నేనప్పుడు చిన్నపిల్లను. నాకు బాగా గుర్తున్నది ఆమె కన్ను కాదు, పొద్దున పూట ఇంట్లో జరిగే ఏర్పాటు. ఎవరైనా పని మీద బయలుదేరే వేళకు నానమ్మ అత్తను వెనక గదిలోకి పంపేది. ఒంటికన్ను మనిషి ఎదురొస్తే పని చెడుతుందని వాడలో అందరి నమ్మకం. ఒకసారి పక్కింటాయన మక్కల బస్తాలు బండికెత్తుకుని మెట్‌పల్లికి బయలుదేరి, మా వాకిట్లో అత్త కనపడగానే బండి ఆపి, ఇంట్లోకి పోయి కాళ్లు కడుక్కుని, ఒక గడియ కూర్చుని మళ్లీ బయలుదేరాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ముందురోజు అత్తకు జామపళ్లు తెచ్చిచ్చింది ఆయనే. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు అత్తకు నల్లద్దాలు కొన్నారు. ఆమె ఇంట్లో కూడా అవి పెట్టుకునే తిరిగేది.

నాన్న అప్పుడు దుబాయిలో ఉన్నాడు. ఓడల కంపెనీ ఆఫీసు ఒకదానిలో చాయలు అందించడం, గదులు ఊడవడం ఆయన పని. అక్కకు కన్ను పోయిందని తెలిసినా సెలవు దొరకలేదు. చిన్నప్పుడు అక్కా తమ్ముడూ ఇద్దరూ అగ్గిపెట్టెల మీది బొమ్మలు పోగుచేసేవాళ్లట. అది గుర్తొచ్చి, ఆఫీసులో చెత్తబుట్టలో పడేసిన కవర్ల మీంచి తపాలా బిళ్లలు చించి ఉత్తరంలో పెట్టి పంపాడు. అవన్నీ ఓడల బొమ్మలే. పాము పడగలా పైకి లేచిన ముందు భాగం, చారల తెరచాప, పక్కలకు వరసగా డాళ్లు. అత్త వాటిని నల్లద్దాలు పైకి నెట్టి, మిగిలిన కంటికి దగ్గరగా పెట్టుకుని చూసేది. రెండోసారి వచ్చిన కవరులో ఓడలతో పాటు ఒక ముసలాయన బొమ్మ ఉంది. పొడుగు గడ్డం, చేతిలో బల్లెం, రెండు భుజాల మీదా రెండు కాకులు. ఒక కన్ను లేదు. కన్నుండాల్సిన చోట బొమ్మ వేసినవాడు గీత గీసి వదిలేశాడు.

ఆయనెవరో నాన్న ఉత్తరంలో రాయలేదు. క్యాసెట్‌లో చెప్పాడు. ఆ రోజుల్లో గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉత్తరాలు రాసే బదులు క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వచ్చేవాళ్లతో పంపేవారు. రాయికల్ అతనొకడు తెచ్చిచ్చాడు. ఇంటిల్లిపాదీ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చున్నాం. అందరి బాగోగులూ అడగడం అయ్యాక నాన్న గొంతు కొంచెం మారింది.

"అక్కా, గా కాకులున్న స్టాంపు చూసినవా. గాయినె దేవుండ్లకే పెద్ద. ఓడిన్ అంటరట. మా ఆఫీసుల నార్వే ఇంజనీరు ఉన్నడు, గాయిన చెప్పిండు. ఒక బాయిల నీళ్లు తాగితే లోకంల ఉన్న తెలివంత అస్తదట. బాయి కాడ కావలున్నాయన ఉత్తగ తాగనియ్యనన్నడట. గీ దేవుడు తన కన్ను తనే తీసి బాయిల ఏసి నీళ్లు తాగిండట. గప్పటి సంది ఒంటికన్నే. గాయిన ఎదురొస్తె మంచిదని గా దేశంల యుద్ధానికి పోయెటోళ్లు మొక్కేటోళ్లట అక్కా."

టేపు కొంతసేపు ఉత్తగా తిరిగింది. నానమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అందరం అత్త వైపు చూశాం. ఊరట కలిగి ఉంటుందనుకున్నాం.

"గాయిన ఇచ్చిండు," అంది అత్త. "నేను ఇయ్యలే. నా దగ్గర గుంజుకున్నరు. గాయినకు నాకు గదే ఫరకు." మళ్లీ ఏదో ఆలోచించి, "గాయినకు తెలివన్న అచ్చింది. నాది నాకు రావాల్సి ఉన్నది. వసూలు చేసుకోవాలె," అంది.

మర్నాడు పొద్దున, వాడంతా పనులకు బయలుదేరే వేళ, మా ముందరి గడప మీద కూర్చుని తల దువ్వుకుంది. నల్లద్దాలు పెట్టుకోలేదు. నానమ్మ లోపలి నుంచి రెండుసార్లు పిలిచింది. "దువ్వుకుంటున్న అమ్మా," అంది కానీ లేవలేదు. ఆ తర్వాత ఆమె నల్లద్దాలు పెట్టుకోగా ఎవరూ చూడలేదు.

ఆ వారమే సిరిసిల్లకు తిరిగి వెళ్లింది. అదే కార్ఖానాలో అదే గోడ వారగా కండెలు చుట్టడానికి కూర్చుంది. అక్కడ జరిగింది మామయ్య నోటా, అక్కడ పనిచేసినవాళ్ల నోటా చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ ఒకేలా చెప్పేవారు కాబట్టి నిజమనే నమ్ముతాను. ఒకరోజు మళ్లీ ఒక నాడె ఎగిరింది. కొత్తగా పనిలో చేరిన ఒక అమ్మాయి చెవి పక్కగా పోయి గోడకు తగిలి కింద పడింది. అందరూ ఒక్క క్షణం ఆగి మళ్లీ పనిలో పడ్డారు. అత్త లేచి వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి దించింది. అన్ని సాంచాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"బంద్ చేసింది ఎవలు?" అని బావగారు లోపలి గదిలోంచి వచ్చాడు.

"నేనే బావా. జాలీలు పెట్టేదాక నడువయి."

"నీ రాతల రాసున్నది, తాకింది. అందరికి గట్లనే అయితదా?"

"రాత కాదు బావా. జాలీ లేక తాకింది."

ఆ ఇంట్లో కోడలు బావగారికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆమె స్విచ్చు కింద నేల మీద కూర్చుంది. ఆడమనిషిని చేయి పట్టి లేపలేడు కదా. ఆయన తమ్ముడి వైపు తిరిగి, "మీ ఆమెను లేపు," అన్నాడు. మా మామయ్య ఎవరి మాటకూ ఎదురు చెప్పి ఎరుగడు. అన్న ఎదుట కుర్చీలో కూడా కూర్చునేవాడు కాదు. సాంచా దగ్గర నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. చేతులకున్న నూనె లుంగీకి తుడుచుకున్నాడు. ఆమెను లేపలేదు. ఆమె పక్కన కూర్చున్నాడు. ఇక మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారట. చెవి పక్క నుంచి నాడె పోయిన అమ్మాయి అందరికీ చాయ తెచ్చిందట.

మర్నాడు వెల్డింగ్ చేసే అతను టేపు పట్టుకుని కొలతలకు వచ్చాడు. ఆ నెలలో ఆ కార్ఖానాలో అన్ని సాంచాలకూ జాలీలు వచ్చాయి. తర్వాత ఆ వాడలో మిగతా కార్ఖానాల్లో కండెలు చుట్టే ఆడవాళ్లు కూడా అడగడం మొదలుపెట్టారు. కొన్నిచోట్ల పెట్టారు, కొన్నిచోట్ల పెట్టలేదు. పెట్టని చోటికి అత్త స్వయంగా వెళ్లి, యజమాని ఎదుట కూర్చుని, తన ముఖం ఆయనకు బాగా కనపడేలా తిప్పి మాట్లాడేది. బావగారు ఆమెతో చాలా ఏళ్లు సరిగా మాట్లాడలేదు. ఆమె మాత్రం పండగలకు ఆయన ఇంటికి వెళ్లి, వడ్డించినది తిని, "పప్పుల ఉప్పు తక్కువైంది" అని చెప్పి వచ్చేది.

నాన్న సెలవు మీద వచ్చి తిరిగి దుబాయి వెళ్లే రోజున కూడా ఇలాంటిదే జరిగింది. ఆయన్ను సాగనంపడానికి అత్త కోరుట్ల వచ్చింది. బయలుదేరే వేళకు అందరూ అత్త ఎక్కడుందని కళ్లతోనే వెతికారు. వెనక గదిలో లేదు. బయటికొస్తే, వాకిలి అవతల బాట నడుమ నిలబడి ఉంది. నానమ్మ ముఖం పాలిపోయింది. నాన్న పెట్టె కింద పెట్టి, వెళ్లి ఆమె కాళ్లకు మొక్కి, అదే దారిన నడిచి బస్సెక్కాడు. ఆ ఏడాది తిరగకుండానే ఆయన కంపెనీ మూతపడింది. నాన్న ఇంటికి వచ్చేశాడు. వాడలో కొందరు మాకు వినపడేలాగే అన్నారు, ముందే చెప్పామని. నాన్న వాళ్లతో ఎక్కువ మాట్లాడలేదు. "కంపెనీ మూసిన షేకు మా అక్కను సూడనే లేదు," అన్నాడు.

కంపెనీ పోయింది కాబట్టి కవర్లూ ఆగిపోయాయి. అప్పటికి అత్తకు బిళ్లల మీద ఆశ బాగా పెరిగింది. గల్ఫ్ వెళ్లే ప్రతివాడికీ చెప్పేది. మెట్‌పల్లిలో, రాయికల్‌లో, ఎల్లంతకుంటలో ఎవరి కొడుకు దుబాయి ఆఫీసుల్లో పనిచేస్తున్నాడో ఆమెకు తెలిసేది. "బంగారం గింగారం నాకద్దు. ఓడల స్టాంపులు తే," అనేది. మొదట్లో కొన్నింటిని మైదా జిగురుతో అట్టకు అంటించి పాడుచేసింది. తర్వాత నేర్చుకుంది. స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి కవరు ముక్క వేసి, కాగితం దానంతటదే వదిలేదాకా కాచుకునేది. బిళ్ల పైకి తేలగానే పట్టకారుతో తీసి పాత పేపరు మీద బోర్లా పరిచేది. ఆ పని చేస్తున్నంతసేపూ ఇంట్లో ఫ్యాన్ వేయకూడదు. ఎండాకాలం సిరిసిల్లలో మధ్యాహ్నం ఫ్యాన్ లేకుండా కూర్చోవడం అంటే ఏమిటో తెలిసినవాళ్లకు తెలుసు. మామయ్య చొక్కా విప్పేసి గడప దగ్గర కూర్చుని, "మీ దేవుండ్లు ఆరిండ్రా?" అని అడిగేవాడు.

ప్రతి బొమ్మ వెనకా ఒక కథ ఉంటుందని ఆమెకు అర్థమయ్యాక, ఆ కథల కోసం నన్ను పట్టుకుంది. నేను జగిత్యాలలో టీచరుగా చేరాను. లైబ్రరీలో, తర్వాత ఫోన్లో వెతికి చదివి చెప్పేదాన్ని. సుత్తె విసిరితే తిరిగి చేతిలోకి వచ్చే తోర్ దేవుడు, ఎనిమిది కాళ్ల గుర్రం, తోడేలు నోట్లో చేయి పెట్టి పోగొట్టుకున్న దేవుడు. ఆమె ఏ కథనూ భక్తితో వినలేదు. ప్రశ్నలు వేస్తూ వినేది. ఒక బిళ్ల మీద పెద్ద చెట్టు మొదట్లో ముగ్గురు ఆడవాళ్లు దారం పేనుతుంటారు. అందరి రాతలూ ఆ ముగ్గురి చేతుల్లోనే ఉంటాయని చెప్పాను. భూతద్దం పట్టుకుని చాలాసేపు చూసింది.

"దారం పని గక్కడ కూడ ఆడోళ్లదేనా," అంది. "వీళ్లకు కూలి ఎవలిస్తున్నరు బిడ్డా?"

ఆ సంగతి కథలో లేదన్నాను.

"లేదా? అయితే గా రాతలు మంచిగెట్ల అస్తయి," అంది.

ఫోన్లు వచ్చాక ఆమె లోకం ఇంకా పెరిగింది. ఉత్తరాన ఏదో దీవిలో ఉండే ఒక పెద్దావిడతో, నా చేత ఇంగ్లీషులో రాయించి, బిళ్లలు మార్చుకోవడం మొదలుపెట్టింది. అత్త ఇక్కడి నుంచి మన నేతబట్టల బొమ్మలున్నవీ, పక్షులున్నవీ పంపేది. అక్కడి నుంచి దేవుళ్లు వచ్చేవారు. ఆవిడ పేరు పలకడం మాకెవరికీ చేతకాలేదు. అత్త ఆమెను 'దీవి వదినె' అని పిలిచేది. "దీవి వదినెకు మోకాళ్ల నొప్పులట" అని చుట్టాల గురించి చెప్పినట్టే చెప్పేది. మామయ్య పోయినప్పుడు దీవి వదినె పంపిన కార్డును అత్త గోడకు తగిలించుకుంది. ఆ కార్డు మీద సముద్రం తప్ప ఏమీ లేదు.

ఒక ఏడాది మా బడిలో పిల్లల ప్రదర్శన జరిగింది. అత్త బిళ్లల్ని అట్టల మీద అమర్చి ఒక గదిలో పెట్టాం. ఆమె సిరిసిల్ల నుంచి కొత్త చీర కట్టుకుని వచ్చి, గది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం ఒక పిల్లవాడి తండ్రి చూడవచ్చి, గదంతా తిరిగి, గట్టిగా అడిగాడు. "మనకు దేవుండ్లు తక్కువైండ్రా? పిల్లలకు గీ పరాయి దేవుండ్లను ఎందుకు చూపిస్తుండ్రు?"

హెడ్‌మాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "మేడం, ఎందుకొచ్చిన లొల్లి. అట్టలు తీసేద్దాం," అన్నారు. ఆయన భయం ఆయనది. నేనేదో చెప్పబోతుంటే అత్త కుర్చీలోంచే ఆ పెద్దమనిషిని పిలిచింది.

"మన దేవుండ్లు మనింట్ల ఉన్నరు కొడకా. పొద్దున దీపం పెట్టే అచ్చిన. వీళ్లు సుట్టపుచూపుగ అచ్చిండ్రు. సుట్టాలు ఇంటికస్తె ఎల్లగొడ్తమా?"

ఆయన ఇంకేదో అనబోయాడు.

"కూసో. నీళ్లు తాగు. నా కన్ను చూసినవ్ గదా, గిట్ల కన్నులేనోడు దేవుడైతడని మా తమ్ముడు పంపిన స్టాంపు చూసేదాక నాకు ఎరుక లేదు. గీ బడిల నడవలేని పిల్ల ఉండచ్చు, సూపు లేని పిల్లగాడు ఉండచ్చు. ఆళ్లకు ఎరుక కావాలె. అట్టలు తియ్యను. తీస్తె నన్ను కూడ లేపి తియ్యాలె."

ఆయన కూర్చోలేదు. నీళ్లూ తాగలేదు. కొడుకును తీసుకుని వెళ్లిపోయాడు. అట్టలు సాయంత్రందాకా అలాగే ఉన్నాయి. హెడ్‌మాస్టరు గారు ఇంటికి వెళ్లే ముందు ఆమె దగ్గరకు వచ్చి ఎనిమిది కాళ్ల గుర్రం గురించి అడిగి తెలుసుకున్నారు.

ఇక జబ్బు. కడుపులో గడ్డ అన్నారు, ఆలస్యమైందన్నారు. ఆపరేషను వల్ల లాభం లేదని డాక్టరు మాకు చెప్పాలనుకున్నాడు. ఆమె మమ్మల్ని బయటికి పంపి తనే విన్నది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో, వేములవాడ దాటాక తనే అంది, "ముఖాలు గట్ల పెట్టకుండ్రి. నేనింకా ఇక్కడ్నే ఉన్న."

ఆ నెలల్లో ఆమె అడిగి మళ్లీ మళ్లీ చెప్పించుకున్న కథ ఒకటే, వాళ్ల దేవుళ్ల ఆఖరి యుద్ధం. ఆ యుద్ధంలో దేవుళ్లు ఓడిపోతారు. ఓడిపోతామని వాళ్లకు మొదటి నుంచీ తెలుసు. ఎవరు ఎవరి చేతిలో చావాలో కూడా తెలుసు. ఒంటికన్ను దేవుణ్ని తోడేలు మింగుతుంది. అయినా ఆ రోజు రాగానే ఆయుధాలు పట్టుకుని వెళ్తారు. నాకు ఆ కథ ఆమెకు చెప్పడం ఇష్టం ఉండేది కాదు. ఒకరోజు విసుగొచ్చి, "అన్నీ తెలిసి కూడ ఎందుకు పోతరు అత్తా?" అన్నాను.

"ఇంట్ల కూసుంటే గెలుస్తరా మరి?" అంది.

ఆ యుద్ధం బొమ్మలున్న బిళ్లలు ఆమె దగ్గర ఒక వరస ఉండేవి. ఆల్బమ్ ఆఖర్న ఉన్న వాటిని తీయించి మొదటి పేజీలో పెట్టించింది. పట్టకారు జారిపోతున్నా నన్ను పట్టుకోనివ్వలేదు. "ఆఖరుది ముందుగాల సూసేస్తె, ఎనక ఉన్నదంత మంచిగ సూడచ్చు," అంది. ఆల్బమ్‌లు బడికి ఇవ్వమంది. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తానేమోనని అనుమానం. "దాచిపెట్టకు. పిల్లల చేతులల్ల పెట్టు. మాసిపోతె పోనీ." అలాగే చేశాను. ఇప్పుడవి మా లైబ్రరీలో బల్ల మీద ఉన్నాయి. మాసిపోతున్నాయి.

పెద్దకర్మ నాడు నేను సిరిసిల్ల వెళ్లేసరికి వాడ మొదట్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. బావగారి కొడుకు ప్రేమతోనే చేయించాడు. చుట్టూ గులాబీలు, పైన దీపాలు, కింద 'శాంతమూర్తి, సహనశీలి' అని అక్షరాలు. నడుమ అత్త. ఆమె రెండు కళ్లతో నా వైపు చూస్తోంది. ఫ్లెక్సీ షాపులో కుడికన్ను తీసి, తిప్పి, ఎడమ వైపు అతికించారు. పని బాగా చేశారు. తెలియనివాళ్లకు అతుకు కనపడదు. నేను ఆ ముఖాన్ని గుర్తుపట్టలేకపోయాను.

"గిది తీసేయాలె," అన్నాను.

బావగారు అక్కడే కుర్చీలో ఉన్నాడు. ఇప్పుడాయన చాలా ముసలివాడు. కర్ర లేనిదే లేవలేడు. "ఏం పోయింది బిడ్డా, మంచిగనే ఉన్నది గదా," అన్నాడు. "పాపం బతికినంతకాలం గట్లనే ఉండె. సచ్చినంక కూడ గట్లనే ఉండాల్నా?"

"గట్లనే ఉండాలె పెద్దమామా. ఆమె ఎన్నడన్న దాసుకున్నదా?"

"అందరు అస్తరు. గిప్పుడు లొల్లి ఎందుకు?"

నేను జవాబు చెప్పేలోపు, నా వెనక నుంచి నాన్న ముందుకు వచ్చాడు. కరెంటు స్తంభానికి కట్టిన తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఆయన వేళ్లు ముడితో చాలాసేపు పెనుగులాడాయి. ఎవరూ సాయం వెళ్లలేదు, ఎవరూ ఆపనూ లేదు. ఒక కొస ఊడి ఫ్లెక్సీ వాలిపోయింది. అప్పుడు బావగారి కొడుకే వచ్చి రెండో కొస విప్పాడు. "తప్పైంది వదినె, షాపాయన అడిగితె సరే అన్న. నీ దగ్గర ఫోటో ఉంటె పంపు," అన్నాడు.

నా ఫోన్లో ఉన్న ఫోటో పంపాను. బడి ప్రదర్శన రోజున తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నప్పుడు తీసింది. భోజనాల వేళకు కొత్త ఫ్లెక్సీ వచ్చింది. అందులో ఆమె పేరూ, ముఖమూ తప్ప వేరే మాటలేవీ వద్దన్నాను. మూసుకుపోయిన ఎడమ కన్ను, గుచ్చి చూసే కుడికన్ను, కొంచెం ముందుకు పెట్టిన గడ్డం. భోజనానికి వచ్చినవాళ్లు దాని ముందు నుంచి లోపలికి నడిచారు. బావగారు కర్ర ఊతతో లేచి, దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"గిట్లనే సూసేది నన్ను," అన్నాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఆమెను తలుచుకోవాలనుకున్నప్పుడు నాకు ఆ జబ్బు మంచం గుర్తురాదు, ఫోటో కూడా గుర్తురాదు. కిందటి మాఘంలో మెట్‌పల్లిలో ఒక పెళ్లికి కలిసి వెళ్లాం. అప్పటికే ఆమె చాలా చిక్కిపోయింది. తిరిగి వస్తూ కోరుట్ల బస్టాండ్ దగ్గర దిగాం. రోడ్డు దాటాలి. పసుపు పంట మార్కెట్‌కు వచ్చే రోజులు కావడంతో లారీల వెనక లారీలు వస్తున్నాయి. ఒక్కటీ నెమ్మదించడం లేదు. నేను ఆమె చేయి పట్టుకుని, కొంచెం సందు దొరకనీ అని ఆగాను. ఆమె చేయి విడిపించుకుని రోడ్డు మీదికి దిగింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేయి పైకెత్తి, లారీ వైపు చూడకుండానే నడిచింది. లారీ కీచుమని ఆగింది. బస్తాల మీద నుంచి పసుపు దుమ్ము లేచి రోడ్డు నిండా కమ్ముకుంది. డ్రైవరు తల బయట పెట్టి ఏదో తిట్టబోయి, ఆమెను చూసి మానేశాడు. వెనక లారీలన్నీ వరసగా హారన్లు కొడుతున్నాయి. ఆమె తొందరపడలేదు. ఆ పచ్చటి దుమ్ములో, చేయి దించకుండా, తన నడకలోనే అవతలి వైపుకు పోతోంది.